ఒక్క డాబా మీద వాన

ఎండ నిప్పులు చెరుగుతోంది. అలాంటి ఎండలో నీళ్ళు తోడే లారీ ఒకటి వీధిలోకొచ్చి ఆగింది.

డ్రైవరు దిగి అటూ ఇటూ చూశాడు. కాలవలో చుక్క లేదు. నడిరోడ్డు మీద కుక్క ఒకటి నీడ కోసం వెతుక్కుంటోంది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన దగ్గరికొచ్చి అడిగాడు.

"పెద్దాయనా, ఇక్కడ వాన ఎక్కడ పడింది?"

"నీ నెత్తిన పడింది. తెలియట్లేదా?"

"వేళాకోళం కాదండీ. మ్యాపులో మీ వీధి నీలంగా అయింది. పోయి తోడి రమ్మని ఫోనొచ్చింది."

"అయితే పోయి మ్యాపునే తోడుకో."

డ్రైవరు నవ్వలేదు. పంపు మీద చెయ్యేసి, చుర్రుమనేసరికి తీసేసుకున్నాడు. ఎవరికో ఫోన్ చేసి, "ఇక్కడ నా చెమట తప్ప తడి లేదు సార్" అన్నాడు. లారీ తిప్పుకోడానికి వీధి చాలక నానా అవస్థ పడి, పక్కింటి గోడని గీరేసి మరీ పోయాడు.

లారీ మలుపు తిరిగేదాకా ముసలాయన కదల్లేదు. తిరగ్గానే లేచి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి డాబా మెట్లెక్కాడు. పైన దండెం మీద ఆరేసిన శాలువా ఇంకా నీళ్ళోడుతోంది. దాన్ని లాగి చంకలో కుక్కుకున్నాడు. దండెం తాడు విప్పి చుట్టేశాడు. కిందికొచ్చి రెండూ తన పెట్టెలో పడేసి తాళం వేశాడు. లారీ వచ్చిందంటే దాని వెనకాల ఎవరో ఒకరు వస్తారు. వస్తే డాబా ఎక్కుతారు. ఎక్కితే చూస్తారు.

వీధిలో అందరూ ఆయన్ని కాటాయన అంటారు. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ వే బ్రిడ్జి దగ్గర లారీలు తూచాడు. దూది బస్తాలు తడిపి తెచ్చేవాళ్ళని, ఇసక మీద నీళ్ళు కొట్టి తెచ్చేవాళ్ళని, ఖాళీ లారీ తూచేటప్పుడు క్లీనర్ని సీటు కింద దాచేవాళ్ళని చూశాడు. ఆ ఉద్యోగం నేర్పింది ఒక్కటే: ప్రతివాడూ ఏదో ఒకటి తడిపి తెస్తాడు. రిటైరయ్యాక కాటా పోయింది గానీ ఆ చూపు పోలేదు.

భార్య చనిపోయిన వారంలోనే, ఆమె వస్తువులు ఏం చేద్దామని కొడుకూ కోడలూ మెల్లగా అడిగారు. "అన్నీ ఇచ్చెయ్యండి. చచ్చిన మనిషికి చలేస్తుందా?" అన్నాడు. అన్నాడే గానీ, నిజంగా ఇచ్చేస్తారనుకోలేదు. ఇంకోసారి అడుగుతారనుకున్నాడు. అడగలేదు. సాయంత్రానికి బీరువా ఖాళీ. ఆ ఖాళీ బీరువా విషయంలో ఆయన వాళ్ళని ఇప్పటికీ క్షమించలేదు. వాళ్ళ కళ్ళుగప్పి దాచుకోగలిగింది ఒక్కటే, ఆమె సొంతంగా అల్లుకున్న ముదురాకుపచ్చ ఉన్ని శాలువా.

పెట్టెలో పెడితే శాలువాకి ముక్కిన వాసన పట్టేది. అందుకని ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూసి ఉతికేవాడు. పిండేవాడు కాదు. "పిండితే అల్లిక సాగిపోతుంది, మీరూ మీ మొద్దు చేతులూ" అని ఆమె ఉన్నప్పుడు తిట్టేది. నీళ్ళోడుతున్నదాన్ని అలాగే బకెట్లో పైకి మోసి, ఆరేసి, ఆరాక మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. ఇచ్చెయ్యండని అంత గట్టిగా అన్న నోటితో, ఇది దాచుకున్నానని ఎలా చెబుతాడు?

అన్నీ బాగానే జరిగేవి. ఆ డబ్బా రానంతవరకు.

కోడలు కాలవల ఆఫీసులో పనిచేస్తుంది. పోయిన వానాకాలం ఊరి పల్లపు వీధులు మునిగిపోతుంటే, ఎక్కడో ఊరవతల ఉన్న ఆఫీసు కొలత మాత్రం చినుకు కూడా లేదంది. పంపు లారీలు షెడ్డులోనే నిలబడ్డాయి. అప్పుడు పట్టుకుంది ఆమె ఈ పని. ఊళ్ళో అక్కడో ఇంటి మీద, ఇక్కడో ఇంటి మీద వాన డబ్బాలు పెట్టించింది. అవి చెప్పే లెక్కంతా ఒక మ్యాపులోకి వస్తుంది. ఏ వీధి మీద వేలు పెడితే ఆ వీధిలో ఎంత పడిందో చెబుతుంది. కింద ఉన్న గీత మీద వేలు జరిపితే వాన ఎటునించి ఎటు నడిచిందో కనిపిస్తుంది. పడనిచోట తెలుపు, పడినచోట నీలం. నీలం ఒక హద్దు దాటితే లారీకి కబురు పోతుంది. వానల్లేని రోజులు కదా, పరీక్షకని ఈ వారమే హద్దు బాగా తక్కువ పెట్టింది. అన్నిటికంటే ముందు పెట్టిన డబ్బా సొంత డాబా మీదే, ఓ మూలన.

"వాన పడితే ఒళ్ళు తడుస్తుంది. దానికి బొమ్మెందుకు?" అన్నాడు కాటాయన అప్పుడే.

ఆయనకి అసలు అనుమానం వేరు. డబ్బా పక్కన ఇనప గుంజ పాతారు. దానికి నల్లగా మెరిసే పలక ఒకటి బిగించారు. అది ఎండనించి కరెంటు తీసుకుంటుందని కోడలు చెప్పింది. ఆయన నమ్మలేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి ఏవేవో పెడుతున్నారని టీవీలో విన్నాడు. వానన్నది సాకు, అసలు పని ఆ కన్నుదే అని తేల్చుకున్నాడు. ఆ రోజునించీ దండెం తాడు ఆ గుంజకే కట్టి, తడి శాలువాని పలక మీదనించి కప్పి ఆరేసేవాడు. కన్ను మూసుకుపోయేది. ఆయనకి కాస్త నిమ్మళంగా ఉండేది. కింద రేకు డబ్బా తడిస్తే తడవనీ, రేకే కదా.

లారీ వచ్చిపోయిన సాయంత్రం కోడలు భుజాన బ్యాగుండగానే డాబా ఎక్కి దిగింది.

"మామయ్యా, ఇవాళ పైకెవరెళ్ళారు?"

"నాకేం తెలుసు. గేటు దగ్గర కూర్చున్నా."

"ఊరంతా తెల్లగా ఉంటే మనిల్లొక్కటే నీలం. మీ ఇంటికి సొంత మబ్బుందా అని ఆఫీసులో ఒకటే నవ్వు."

"నీ యంత్రం తాగుంటుంది."

"అది తాగదు మామయ్యా. ఎవరో తాగించారు."

ఆమె చూపు ఆయన మీదే కాస్త ఎక్కువసేపు నిలిచింది. ఆయన చటుక్కున వేలు పైకెత్తి చూపించాడు. డాబా మీద ఒక గదుంది. అందులో ఒక నర్సమ్మ అద్దెకుంటుంది. రాత్రిళ్ళు డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. గది ముందు పూలకుండీలు పెంచుతుంది.

"కుండీలకి నీళ్ళు పోసేదెవరు? ఆలోచించుకో" అని ఊరుకోకుండా, తనే పైకెళ్ళి తలుపు కొట్టాడు. నర్సమ్మ డ్యూటీకి తయారవుతూ జడ సగంలో వదిలేసి వచ్చింది.

"ఏమ్మా, నా కోడలి డబ్బాలో నీళ్ళెందుకు పోశావ్?"

"పోసి ఏం చేసుకుంటాను బాబాయ్ గారూ, ఈత కొడతానా?"

"కుండీలకి పోస్తుంటే చెయ్యి జారుంటుంది."

"కుండీలు ఈ గోడ వారన. డబ్బా ఆ మూలన. అంత దూరం జారడానికి నాది చెయ్యా, ఫైరింజను గొట్టమా?"

"నోరు చెయ్యకు. కాటా దగ్గర నీలాంటివాళ్ళని ఎంతమందిని చూశానో."

"చూసే ఉంటారు. మీరు చూడందేముంది?" జడ పూర్తి చేసుకుంటూ ఆయన మొహంలోకి చూసింది. "నేనూ అప్పుడప్పుడు చూస్తుంటాను. పగలంతా ఒళ్ళు తెలీకుండా పడుకుంటాననుకుంటారు గానీ, నా మంచం కిటికీ పక్కనే బాబాయ్ గారూ."

భయం వేసినప్పుడు కాటాయనకి వచ్చేది కోపమే.

"రేపటికల్లా కుండీలు కిందికి దించు. లేదా గది ఖాళీ చెయ్యి."

మర్నాడు నర్సమ్మ నిద్ర మానుకుని కుండీలు దించింది. ఒక్కోదానికీ మెట్ల మధ్యలో ఆగి ఆయాసపడింది. ఆయన గేటు దగ్గర కూర్చుని చూశాడు. చెయ్యి వెయ్యలేదు.

తడిగా కుక్కిన శాలువా పెట్టెలో ఊరుకుంటుందా? నాలుగు రోజులకే మూత తెరిస్తే గుప్పుమంది. ఉన్నిలో ఎక్కడో అడుగున, మొహం పెట్టి వెతికితే దొరికే ఆమె వాసన ఒకటుండేది. అది పోయిందేమోనని ఆయన భయం. కొడుకూ కోడలూ గడప దాటేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. వెళ్ళగానే ఉతికాడు. పైకెళ్ళి నర్సమ్మ కిటికీకి తెర వేసుందని చూసుకుని, గుంజకి తాడు కట్టి ఆరేశాడు. ఈసారి శాలువా పూర్తిగా ఆరింది. మడతపెట్టి పెట్టెలో పెట్టాక ఫోన్ మోగింది.

"మామయ్యా, పొద్దున డబ్బా మళ్ళీ వానంది. లారీ బయల్దేరకుండా ఆపాను. డాబా మీద ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"కుండీలు కూడా లేవు కదా?"

"లేవు."

"సరే మామయ్యా" అంది కోడలు. ఆ సరేలో నమ్మకం లేదని ఆయనకి వినిపించింది. తననే అనుమానిస్తోంది. నాలుకమీదికొచ్చిన మాట మింగి ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ముద్ద నోట పెట్టుకోలేదు.

"రేపు ఇంజనీరు గారొస్తున్నారు. మ్యాపు పనిచేస్తోందని చూపించుకోడానికి నేనే నీళ్ళు పోస్తున్నానట. మొహం మీదే అన్నారు."

"అంటే?" అన్నాడు కొడుకు.

"అంటే కారణం చూపించాలి. చూపించకపోతే మ్యాపు జనానికి తెరవరు. నన్ను దాన్నించి తీసేస్తారు. నా ఇంటి మీది లెక్కే దొంగదైతే మిగతా ఊరి లెక్క ఎవరు నమ్ముతారు?"

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, నువ్వేమైనా..."

"ఏమైనా? ఏమైనా అంటే?"

"నీకా డబ్బా అంటే పడదు కదా."

"పడనివాడు పీకి పారేస్తాడు. నీళ్ళు పోసి పెంచడు."

కంచం ముందునించి లేచిపోయాడు.

పొద్దున్నే కోడలు స్క్రూ డ్రైవరు పట్టుకుని డాబా ఎక్కింది. ఇంజనీరు వచ్చేలోపు డబ్బా విప్పి శుభ్రం చెయ్యాలట. మరలు పట్టుకుంటానని కాటాయన వెనకే ఎక్కాడు. ఆమె ఏం దాస్తుందో చూడాలి. లోపల ఆ కన్ను తాలూకు యంత్రమేదో ఉండి తీరాలి.

ఆమె పై గరాటు ఎత్తి పక్కన పెట్టింది.

లోపల యంత్రమేం లేదు. రెండు చిన్న దొప్పలు వీపుకి వీపు అంటించినట్టు, మధ్యలో ఇరుసు మీద నిలబడున్నాయి. ఒకటి పైకుంటే ఒకటి కిందికుంది.

"ఇదేంటి?"

"ఇదే మామయ్యా తూచేది. పైనించి చుక్కలు ఈ దొప్పలో పడతాయి. నిండగానే బరువుకి ఒరిగి నీళ్ళు పారబోస్తుంది. అప్పుడు రెండోది పైకొస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క."

వేలితో కొద్దిగా నొక్కింది. టిక్కుమని ఒరిగింది. ఆయన మోకాళ్ళ మీద వంగాడు. కాటా. అరచేతిలో పట్టే కాటా. బతుకంతా కూర్చున్నది ఇలాంటిదాని పక్కనే.

"కన్నేది?" అన్నాడు నోరు జారి.

"కన్నేంటి?"

"ఏం లేదు. నీళ్ళు ఎక్కణ్ణించొచ్చాయో దీనికి తెలుస్తుందా?"

"తెలీదు. పడినవి తూస్తుందంతే."

"ఎవరో పోశారంటావు."

"పొయ్యలేదు మామయ్యా. అదే నాకు అంతుపట్టట్లేదు." ఫోన్ తీసి మ్యాపులో తమ ఇంటి మీద వేలు పెట్టింది. చుక్కల వరస ఒకటి పైకొచ్చింది. "పోస్తే అన్నీ ఒకేచోట కుప్పగా ఉండాలి. ఇది చూడండి. మొదట గబగబా ఒరిగింది. తర్వాత ఆగాగి. చివరికి ఎప్పటికో ఒకటి. ఏదో కారింది. ఇది నిన్నటిది. అంతకుముందు లారీ వచ్చిననాడు ఇంకా వింత. కారుతున్నది కారుతున్నట్టే టక్కున ఆగిపోయింది, ఎవరో కుళాయి కట్టేసినట్టు. డాబా మీద కారడానికి ఆకాశం తప్ప ఏముంది?"

కట్టేసిన కుళాయి ఎవరిదో కాటాయనకి తెలుసు. ఎప్పుడు కట్టేశాడో, దాన్ని చంకలో పెట్టుకుని మెట్లెలా దిగాడో కూడా తెలుసు. జీవితమంతా తడిసిన సరుకు పట్టుకున్నాడు. ఈసారి సరుకు తనదే.

"మరలివ్వండి" అని కోడలు చెయ్యి చాపింది. ఇచ్చాడు. చెబుదామని నోరు తెరిచాడు. కింద గేటు చప్పుడైంది. మూసేశాడు.

ఇంజనీరు నల్ల కళ్ళద్దాల మనిషి. డాబా ఎక్కాక కూడా తియ్యలేదు. డబ్బా చుట్టూ తిరిగాడు. వేలితో రేకు కొట్టాడు. కొడుకు కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు.

"చూడమ్మా, మ్యాపుల్లో నేను నీళ్ళు లేని చెరువులు చూశాను. చెట్లు లేని అడవులు చూశాను. ఎండలో వాన మాత్రం ఇదే చూడటం. మీరు కాకపోతే ఇంకెవరు?"

"అదే తెలుసుకుంటున్నాను సార్. ఇది పోసింది కాదు, కారింది. వరస చూస్తే..."

"వరస బాగానే ఉంది. కారణం అని ఒక గడి పెట్టారుగా మీరే, దొంగ లెక్క వస్తే రాయడానికి? అది ఖాళీగా ఉంది. ఖాళీ గడి మీద నేను సంతకం పెట్టను." చప్పుడుకి గది తలుపు తీసుకుని బయటికొచ్చిన నర్సమ్మ మీదికి తిరిగింది చూపు. "ఈవిడెవరు? నీళ్ళు పోసేదీవిడేనా?"

"ఈవిడ కాదు సార్" అంది కోడలు. "కుండీలు దించేశాక కూడా వచ్చింది. ఊరికే ఒకళ్ళ మీద రాయలేను."

"అయితే ఇక మిగిలింది మీరే."

కోడలు పెదవి పంటితో నొక్కిపెట్టింది. నర్సమ్మ కాటాయన వైపు చూసింది. ఆయన గోడ చూస్తున్నాడు.

"సార్, నేనొకటి చెప్పనా?" అంది నర్సమ్మ.

"నువ్వు నోరు ముయ్యి" అన్నాడు కాటాయన. అని, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయాడు.

"మా నాన్నకి కోపం ఎక్కువండీ" అన్నాడు కొడుకు, ఇంజనీరుతో.

కింద కుళాయి చప్పుడు వినిపించింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు, అడుగడుక్కీ నీళ్ళ చప్పుడు. కాటాయన రెండు చేతుల్లో తడి ఉన్ని ముద్దతో పైకొచ్చాడు. చొక్కా ముందంతా తడిసిపోయింది. భుజాన తాడు.

కొడుకు ముందుకొచ్చాడు. "నాన్నా, అది అమ్మది కదా?"

"ఇప్పుడు కనపడిందా నీ కళ్ళకి."

ఎవరి సాయమూ అడగలేదు. గుంజకి తాడు కట్టాడు. అలవాటైన ముడి, చూడకుండానే పడింది. శాలువా విప్పి నల్ల పలక మీదనించి కప్పాడు. అంచులు డబ్బా మీద వేలాడాయి. నీళ్ళు ధారగా గరాటులోకి దిగాయి.

టిక్. టిక్. టిక్.

కోడలు ఫోన్ చూసింది. ఊరంతా తెలుపు. వాళ్ళ ఇల్లు నీలం. ఆమె ఫోన్ ఇంజనీరుకి అందించింది. ఆయన కళ్ళద్దాలు తీసి చూశాడు. శాలువా చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు.

"పిండి ఆరేసుకోవచ్చుగా పెద్దాయనా?"

"పిండకూడదు."

"సరే. ఈ పలక మీద కప్పడమెందుకు? అంత డాబా ఉంటే?"

కాటాయన పలక మీది శాలువా సర్దాడు.

"కన్ననుకున్నా."

నర్సమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదలడం అందరికీ కనిపించింది. మిగతావాళ్ళెవరూ నవ్వలేదు. ధార సన్నబడి చుక్కలైంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం పెరిగింది. నిన్నటి వరస ఎలా ఉందో అచ్చం అలాగే.

కోడలు ఫోన్ వెనక్కి తీసుకుని కారణం గడి తెరిచింది. రాస్తూ పైకి చదివింది. "ఆరేసిన బట్టలు."

"బట్టలు కాదు" అన్నాడు కాటాయన.

"మరేం రాయమంటారు మామయ్యా?"

"శాలువా. ఒకటే. ఒకటే మిగిలిందని రాయి."

కొడుకు తల దించుకున్నాడు. కోడలు రాసినదంతా చెరిపేసింది. మళ్ళీ రాసింది. ఏం రాసిందో ఈసారి చదవలేదు. ఇంజనీరు చూసి, తలాడించి, సంతకం చేశాడు. దండెమైనా డబ్బా అయినా ఏదో ఒకటి జరపండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

"డబ్బానే ఆ చివరికి మార్పిస్తాను మామయ్యా. గుంజ మీకుంచేస్తాను" అంది కోడలు.

"అక్కర్లేదు. కాటాని ఊరికే కదపకూడదు. దండెం నేనే జరుపుకుంటా."

జరుపుకున్నాడు. వీధిలోంచి అందరికీ కనిపించేలా, డాబా నడిమధ్యన. కొడుకు తాడు రెండో కొస పట్టుకోబోతే ఇవ్వలేదు.

తర్వాత కిందికి దిగి, నర్సమ్మ కుండీల్లో పెద్దదాన్ని ఎత్తుకుని మెట్లెక్కాడు. మధ్యలో ఆగి ఆయాసపడ్డాడు. క్షమించమని అనలేదు. ఆయనకి ఆ మాట రాదు. నర్సమ్మ ఎదురొచ్చింది.

"ఇటివ్వండి బాబాయ్ గారూ. అది ఈ గోడ వారన..."

"తెలుసు. తప్పుకో."

అన్నీ పైకి చేర్చేసరికి ఎండ నెత్తికెక్కింది. దండెం కింద గచ్చంతా తడిసి మరకలైంది. మ్యాపులో ఇల్లు మళ్ళీ తెల్లబడింది. అందరూ దిగిపోయారని చూసుకుని కాటాయన గుంజ దగ్గరికెళ్ళాడు. ఎందుకైనా మంచిదని నల్ల పలకని ఒకసారి గోటితో గీకి చూశాడు.